అందరికీ తెలుసు... ఎవరూ చెప్పలేదు!

వంటింట్లో ఇది మనందరికీ ఎప్పుడో ఒకప్పుడు జరిగేదే. పొయ్యి మీద పప్పు ఉడుకుతూ ఉంటుంది. కోడలు పిల్లాడి బడి సంచీ సర్దుతూ “అత్తయ్యగారు ఉప్పు వేసే ఉంటారులే” అనుకుంటుంది. అత్తగారు “కోడలు వేసే ఉంటుంది” అనుకుని పోపు పెట్టి దించేస్తారు. తీరా భోజనాల దగ్గర మొదటి ముద్దకే సంగతి బయటపడుతుంది. ఇద్దరూ వంటింట్లోనే ఉన్నారు. ఇద్దరికీ వంట వచ్చు. ఒకరినొకరు ఒక్క మాట అడగలేదు, అంతే!

పప్పులో ఉప్పు తగ్గితే పైన చల్లుకుని తినేస్తాం. అదే పొరపాటు ఒక ముసలి ప్రాణం విషయంలో జరిగితే? ఒంటరి మామ్మ, మతి స్థిమితం లేని మేనత్త, మంచం పట్టిన తాతయ్య, మాట రాని చెల్లెలు... ఇలాంటి వాళ్ళ మంచిచెడ్డలు చూడడానికి ఊళ్ళో చాలామందే ఉన్నారు. సచివాలయం ఉంది, ఆసుపత్రి ఉంది, పోలీస్ స్టేషను ఉంది, తహసీల్దారు ఆఫీసు ఉంది. “వాళ్ళు చూసుకుంటార్లే” అని వీళ్ళు, “వీళ్ళు చూసే ఉంటార్లే” అని వాళ్ళు! మధ్యలో మామ్మ మాత్రం అలాగే ఉండిపోతుంది.

ఆరుగురికి తెలిసిన కథ

జగ్గయ్యపేట, నందిగామ వైపు మెట్ట ఊళ్ళల్లో ఒక మామ్మ కథ చెబుతాం. ఈ మామ్మ ఏ ఒక్క ఊరి మనిషీ కాదు. ఆ ఊళ్ళో ఒక ముక్క, ఈ ఊళ్ళో ఒక ముక్క ఏరి కుట్టిన బొంత లాంటి కథ ఇది. చదువుతుంటే మీ వీధిలో ఎవరో గుర్తొచ్చారంటే ఆశ్చర్యం లేదు.

మామ్మకి డెబ్భై దాటాయి. భర్త పోయాక ఉన్న రెండెకరాల చేను, పెంకుటిల్లు ఒక్కగానొక్క కొడుకు పేర దఖలు రాసిచ్చేసింది. “నా కొడుకేగా, చూడకపోతాడా” అనుకుంది. మిరప రెండేళ్ళు దెబ్బతీసింది. కొడుకు అప్పుల్లో పడ్డాడు, తాగుడు మరిగాడు. కోడలు కూలికి పోతేగాని పొయ్యి వెలగని పరిస్థితి.

ఒకటో తారీఖు పొద్దున్నే పింఛను ఇవ్వడానికి వచ్చే సచివాలయం అబ్బాయి ఒక సంగతి గమనించాడు. మామ్మ చేతిలో 4,000 రూపాయలు పెట్టీ పెట్టకముందే పక్కనుంచి కొడుకు చెయ్యి చాపేవాడు. “ఇంటి వ్యవహారం, మనకెందుకు” అనుకుని పక్కింటికి వెళ్ళిపోయాడు.

ఆశా కార్యకర్త మరొకటి గమనించింది. బీపీ మాత్రల అట్ట రెండు నెలలుగా చూరులో అలాగే ఉంది. మామ్మ ఒళ్ళు బాగా తగ్గింది. “వేసుకో మామ్మా” అని చెప్పి, తన పుస్తకంలో రాసుకుని వెళ్ళింది.

ఆసుపత్రిలో ఒక డాక్టరమ్మ మామ్మ మణికట్టుకి కట్టు కట్టింది. “బావి గట్టు దగ్గర జారిపడిందండీ” అన్నాడు పక్కనే నుంచున్న కొడుకు. అంతకు ముందు నెల భుజం నొప్పితో వచ్చినప్పుడు చూసింది వేరే డాక్టరుగారు. ఆ చీటీ ఈవిడ చూడలేదు.

ఒక రాత్రి కేకలు వినబడి పక్కింటివాళ్ళు 112కి ఫోన్ చేశారు. పోలీసులు వచ్చారు, కొడుకుని గదమాయించారు, “తల్లిని బాగా చూసుకో” అని బుద్ధి చెప్పి వెళ్ళారు.

కోడలు డ్వాక్రా సంఘం మీటింగులకి రావడం మానేసింది. వచ్చిన ఒక్కసారీ చెంప మీద కమిలిన మచ్చ. సంఘం లీడరు చూసింది, అడగడానికి మొహమాటపడింది.

ఇక పక్కింటి పిన్నిగారు. మధ్యాహ్నం పూట మామ్మ గోడ మీదుగా గిన్నె చాపేది. పిన్నిగారు అన్నం, ఇంత పచ్చడి వేసి ఇచ్చేది. “ఎవరికీ చెప్పకే అమ్మాయ్, వాడి పరువు పోతుంది” అని మామ్మ ఒట్టు వేయించుకుంది.

ఒక రోజు మామ్మ కనబడలేదు. జగ్గయ్యపేటలో బస్సెక్కి కోదాడలో దిగింది. అక్కగారి ఊరు ఆ పక్కనే అని ఆమె గుర్తు. ఆ అక్క పోయి ఇరవై ఏళ్ళయిందన్న సంగతి మాత్రం మర్చిపోయింది! అక్కడ ఎవరైనా “ఏ ఊరు మామ్మా?” అంటే చిన్ననాటి పుట్టింటి ఊరి పేరు చెప్పేది. కొడుకు మూడో రోజుకు గాని స్టేషనుకి వెళ్ళలేదు. వెళ్ళింది ఈ రాష్ట్రంలో స్టేషనుకి, మామ్మ ఉన్నది ఆ రాష్ట్రంలో. అయిదో రోజున, పని మీద కోదాడ వెళ్ళిన మన ఊరి మనిషి ఒకాయన బస్టాండులో గుర్తుపట్టి తీసుకొచ్చాడు.

ఆ సాయంత్రం అరుగు మీద అందరూ చేరారు. అప్పుడు బయటికొచ్చాయి మాటలు. “నేను ముందే అనుకున్నా.” “నాకూ అనుమానంగానే ఉండేది.” “మాత్రలు వేసుకోవట్లేదని నాకు తెలుసు.” ఆరుగురికి ఆరు ముక్కలు తెలుసు. ఏ ముక్క విడిగా చూసినా చిన్న విషయమే. డబ్బు తీసుకోవడం, మాత్ర మానడం, జారిపడడం, కేకలు, మచ్చ, ఆకలి. ఆరూ ఒకచోట పెడితే? చదువు రాని వాళ్ళకి కూడా అర్థమయ్యే ప్రమాదం!

ఇంగ్లండులోనూ ఇదే జరిగింది

ఇదేదో మన పల్లెటూళ్ళ వెనకబాటుతనం అనుకోకండి. ఇంగ్లండులో కార్న్‌వాల్ ప్రాంతంలో స్టీవెన్ హాస్కిన్ అని ఒకతను ఉండేవాడు. వయసు 39, బుద్ధి ఎదుగుదల తక్కువ. ఒంటరిగా ఉండే అతని గదిలో కొందరు తిష్ఠ వేసి, అతని డబ్బు తినేసి, హింసలు పెట్టి, చివరికి 2006 జూలైలో ప్రాణం తీశారు. తర్వాత విచారణ జరిపి 2007లో నివేదిక ఇచ్చారు. అతను పోలీసులకు ఎన్నోసార్లు ఫోన్ చేశాడు, ఆసుపత్రికి వెళ్ళాడు, సంక్షేమ శాఖ వారికీ తెలిసినవాడే. ఎవరి దగ్గర ఉన్న ముక్క వాళ్ళ దగ్గరే ఉండిపోయింది. “నాకు మీ సాయం అక్కర్లేదు” అని అతను అన్నాడు కదా అని సంక్షేమ శాఖ ఫైలు మూసేసింది. అలా ఎందుకు అన్నాడో, ఎవరి భయంతో అన్నాడో వెనక్కి వెళ్ళి అడగలేదు.

ఇలాంటి అనుభవాల తర్వాత ఆ దేశంలో 2014లో ఒక చట్టం తెచ్చారు. ప్రతి ప్రాంతంలో స్థానిక సంస్థ, ఆరోగ్య శాఖ, పోలీసులు కలిసి ఒక బోర్డుగా కూర్చోవాలి. ఆ బోర్డు తన పని కోసం సమాచారం అడిగితే సంబంధించిన వాళ్ళు ఇవ్వాలి. ఒక ప్రాణం పోయాక వాళ్ళకి తెలిసింది. మనం అంతదాకా ఆగాలా?

మన చట్టాలు ఏమంటున్నాయి?

చాలామందికి తెలియని సంగతేమిటంటే, ఒకరి సంగతి మరొకరికి చెప్పే దారులు మన చట్టాల్లోనూ ఉన్నాయి. విడివిడిగా ఉండడం వల్ల కనబడవు. కాస్త ఓపిగ్గా చూద్దాం.

2005 గృహహింస చట్టం కోడళ్ళ కోసమే అనుకుంటాం. కొడుకుతో ఒకే ఇంట్లో ఉంటున్న తల్లికి కూడా అది వర్తిస్తుంది. ఒక ఆడమనిషికి ఇంట్లో హింస జరుగుతోందని నమ్మకంగా అనిపిస్తే, ఎవరైనా సరే రక్షణాధికారికి చెప్పవచ్చు. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ళ మీద కేసు పెట్టడానికి వీల్లేదు. రక్షణాధికారి ‘గృహహింస సంఘటన నివేదిక’ అనే కాగితం రాసి మేజిస్ట్రేటుకు పంపాలి. దాని నకలు పోలీస్ స్టేషనుకు కూడా వెళ్ళాలి. చూశారా, ఒకే కాగితం ఇద్దరి చేతుల్లోకి!

2007లో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం వచ్చింది. 60 ఏళ్ళు నిండినవాళ్ళు తమ పోషణ కోసం ట్రిబ్యునలుకి అర్జీ పెట్టుకోవచ్చు. మన రాష్ట్రంలో ఆ ట్రిబ్యునలు అంటే ఆర్డీవోగారి దగ్గరే. ఆమె వెళ్ళలేకపోతే ఆమె తరఫున మరొక మనిషి గాని, సంస్థ గాని పెట్టవచ్చు. ఎవరూ పెట్టకపోయినా, విషయం తెలిస్తే ట్రిబ్యునలే తనంతట తాను విచారణకు తీసుకోవచ్చు. నెలకు 10,000 రూపాయలు మించకుండా పోషణ ఖర్చు ఇప్పించవచ్చు. చూసుకోవాల్సిన బాధ్యత ఉండి కూడా వృద్ధుల్ని వదిలేసిన వాళ్ళకి మూడు నెలల దాకా జైలు గాని, 5,000 రూపాయల దాకా జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. ఈ చట్టం కింద రూపొందిన నియమాల్లో పోలీసులకు ఒక పని అప్పజెప్పారు. తమ పరిధిలోని వృద్ధుల జాబితా, ముఖ్యంగా ఒంటరిగా ఉండేవాళ్ళ జాబితా స్టేషనులో పెట్టుకోవాలి. వాళ్ళ ఇళ్ళకు నెలకు ఒక్కసారైనా వెళ్ళి చూసి రావాలి.

2016 వికలాంగుల హక్కుల చట్టం ఇంకో మెట్టు ఎక్కింది. అంగవైకల్యం గాని, బుద్ధిమాంద్యం గాని ఉన్న మనిషిని హింసిస్తున్నారని తెలిస్తే ఎవరైనా ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకు చెప్పవచ్చు. పల్లెటూరి మనిషికి ఆయన అందుబాటులో ఉండేది తహసీల్దారు రూపంలోనే. ఫిర్యాదు వచ్చిన పోలీసు అధికారి కూడా ఊరుకోకూడదు. రక్షణ కోసం ఎవరికి అర్జీ పెట్టాలి, దగ్గరలో ఏ సంస్థ ఉంది, ఉచిత న్యాయసహాయం ఎలా వస్తుంది - ఇవన్నీ బాధితులకు చెప్పి తీరాలి.

ఇక 2017 మానసిక ఆరోగ్య చట్టం. మానసిక అనారోగ్యంతో, తన సంగతి తను చూసుకోలేక రోడ్ల మీద తిరుగుతున్న మనిషి కనబడితే పోలీసులు రక్షణలోకి తీసుకుని 24 గంటల లోపు దగ్గరలోని ప్రభుత్వ వైద్య సంస్థకు చేర్చాలి. లాకప్పులో పెట్టకూడదు. ఇల్లూ వాకిలీ లేని మనిషైతే తప్పిపోయిన వ్యక్తిగా నమోదు చేసి ఇంటివాళ్ళ జాడ వెతకాలి. ఇంట్లోనే అలాంటి మనిషిని నిర్లక్ష్యం చేస్తున్నారనో, హింసిస్తున్నారనో పోలీసు అధికారికి తెలిస్తే ఆ సంగతి మేజిస్ట్రేటుకు తెలపాలి.

నాలుగు చట్టాలు, నాలుగు దారులు. మన మామ్మకి నాలుగూ ఉపయోగపడేవే. కానీ ఆరు ముక్కలు ఆరుగురి దగ్గరే ఆగిపోతే ఏ దారీ తెరుచుకోదు.

మరి ఎందుకు చెప్పరు?

అడిగితే ఒక్కొక్కరు ఒక్కో కారణం చెబుతారు. “అది నా డ్యూటీ కాదండీ” అనేది మొదటిది. “రేపు వాళ్ళూ వాళ్ళూ ఒకటైపోతారు, చెడ్డయ్యేది నేను” అనేది రెండోది. ఇందులో నిజం లేకపోలేదు. ఒకే ఊళ్ళో ఉద్యోగం చేసే ఆశా కార్యకర్త రోజూ ఆ గుమ్మం ముందునుంచే నడవాలి కదా!

మూడో కారణం పైకి చెప్పరు గాని అదే పెద్దది. చెప్పినా ఏమయ్యిందో తిరిగి చెప్పేవాళ్ళు ఉండరు. ఒకసారి చెబుతారు, జవాబు రాదు. రెండోసారి నోరు విప్పరు. సమాచారం ఇవ్వడం అంటే ఉత్తరం రాసినట్టు. జవాబు రాని చోటికి ఎన్ని ఉత్తరాలని రాస్తాం?

నాలుగోది గుట్టు. ఇంటి గుట్టు లంకకు చేటు అని చిన్నప్పటినుంచీ విన్నాం. నిజమే, కొన్ని గుట్టుగా ఉండాలి. కానీ ఆ గుట్టు మామ్మని కాపాడుతోందా, మామ్మని కొట్టే చేతిని కాపాడుతోందా? ఈ ఒక్క ప్రశ్న వేసుకుంటే చెప్పాలో వద్దో తేలిపోతుంది.

సరిహద్దు ఊళ్ళ ఇబ్బంది

మన మెట్టకి కొన్ని ప్రత్యేకమైన చిక్కులు ఉన్నాయి. 2014 జూన్ 2 తర్వాత జగ్గయ్యపేట సరిహద్దు పట్టణమైంది. గరికపాడు దాటితే తెలంగాణ. బంధుత్వాలు, వ్యాపారాలు, ఆసుపత్రులు మాత్రం రెండు వైపులా ఉన్నాయి. కోడలు ఆ జిల్లా, అల్లుడు ఈ జిల్లా. ఫైళ్ళు మాత్రం సరిహద్దు దగ్గర ఆగిపోతాయి. అందుకే తప్పిపోయిన మనిషి గురించి ఫిర్యాదు ఇచ్చేటప్పుడు “ఆమెకు ఆ వైపు చుట్టాలున్నారు, కోదాడ, ఖమ్మం వైపు కూడా తెలియజేయండి” అని మనమే అడిగి రాయించాలి. రెండు రోజులు చూసి వెళ్దాం అని ఆగకూడదు. మతిమరుపు ఉన్న మనిషికి మొదటి కొన్ని గంటలే కీలకం.

2022 ఏప్రిల్‌లో ఎన్టీఆర్ జిల్లా ఏర్పడినప్పుడు నందిగామ కొత్త రెవెన్యూ డివిజను అయింది. అంతకు ముందు వృద్ధుల అర్జీ అంటే విజయవాడ దాకా ప్రయాణం. ఇప్పుడు జగ్గయ్యపేట, వత్సవాయి, పెనుగంచిప్రోలు వాళ్ళకి కూడా నందిగామే. ముసలివాళ్ళకి ఇది పెద్ద వెసులుబాటు. కానీ ట్రిబ్యునలు అక్కడ ఉందని మామ్మకి చెప్పేది ఎవరు? నెలనెలా గుమ్మంలోకి వచ్చే పింఛను అబ్బాయి చెప్పవచ్చు, ఆశా కార్యకర్త చెప్పవచ్చు, కట్టు కట్టిన డాక్టరమ్మ చెప్పవచ్చు.

2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల వాన మన ప్రాంతంలో ఎవరూ మర్చిపోరు. మున్నేరు పొంగి ఐతవరం దగ్గర హైదరాబాదు హైవే మీదికి నీళ్ళు వచ్చాయి, రాకపోకలు ఆగిపోయాయి. అలాంటి రాత్రి నీళ్ళు వస్తున్న వీధిలో మంచం దిగలేని మనిషి ఏ ఇంట్లో ఉందో సహాయానికి వెళ్ళేవాళ్ళకి తెలియాలి. పింఛను ఇచ్చేవాళ్ళ దగ్గర ఆ పేర్లు ఉంటాయి, మంచం పట్టినవాళ్ళకి వేరే పింఛనే ఉంది గనక. ఆశా కార్యకర్తకి ఇల్లు తెలుసు. ఈ రెండూ పడవ తీసుకెళ్ళేవాళ్ళ చేతిలో ముందే ఉంటే ఎంత తేడా! నీళ్ళొచ్చాక వెతుక్కునే జాబితా కాదది, ఎండాకాలంలోనే సిద్ధం చేసుకోవలసింది.

చెప్పడం వేరు, చాటింపు వేరు

ఇక్కడే మనం జాగ్రత్తగా ఉండాలి. సమాచారం పంచుకోవడం అంటే ఊరంతా చెప్పుకోవడం కాదు. కుళాయి దగ్గర పదిమందికి చెప్పినదానివల్ల మామ్మకి అన్నం ముద్ద రాదు, అవమానం మాత్రం వస్తుంది. చెప్పవలసిన ఒక్కరికి, చెప్పవలసినంత చెబితే చాలు. పింఛను అబ్బాయికి మామ్మ జబ్బుల చిట్టా అక్కర్లేదు. ఎస్సైగారికి ఆమె బ్యాంకు పుస్తకం నంబరు అక్కర్లేదు. 2017లో సుప్రీంకోర్టు ప్రతి మనిషికీ తన సొంత విషయాల మీద గోప్యత హక్కు ఉందని తీర్పు చెప్పింది. మామ్మ కూడా ఆ మనుషుల్లోనిదే.

అందుకే మొట్టమొదట అడగవలసింది మామ్మనే. “మామ్మా, నీకేం కావాలి? ఈ సంగతి ఫలానా ఆవిడకి చెప్పనా?” అని. అదీ కొడుకు పక్కన లేనప్పుడు, నెమ్మదిగా. పెద్దవాళ్ళు చిన్నపిల్లలు కారు. వాళ్ళ జీవితం గురించి వాళ్ళు నిర్ణయించుకోగలరు. చాలామంది మామ్మలు కొడుకుని జైలుకి పంపమని అడగరు. “తాగుడు మానిపించండి, నా పింఛను నాకు ఉంచండి” అంటారు. ఆ మాట విన్నాకే ఏ ఆఫీసుకి వెళ్ళాలో నిర్ణయించాలి.

వద్దని ఒట్టు వేయించుకుంటే? పిన్నిగారి బాధ ఇదే. ప్రాణానికి ప్రమాదం ఉన్నప్పుడు, ఆమె భయంతో మాట్లాడుతున్నప్పుడు, లేదా మతిమరుపు వల్ల సంగతి తెలుసుకోలేని స్థితిలో ఉన్నప్పుడు ఆ ఒట్టు పక్కన పెట్టక తప్పదు. అప్పుడు కూడా “మామ్మా, నేను చెప్పక తప్పట్లేదు, ఇందుకోసం చెబుతున్నాను” అని ఆమెతో అనడం మర్యాద.

అత్తాకోడళ్ళు ఇద్దరూ ఆడవాళ్ళే

మన కథలో కోడలి చెంప మీద మచ్చ గుర్తుందా? వృద్ధుల గురించి మాట్లాడేటప్పుడు చాలామంది కోడల్ని దోషిని చేసి కూర్చుంటారు. ఆ ఇంట్లో దెబ్బలు తింటున్నది ఇద్దరు. మామ్మ సంగతి ఒక ఆఫీసుకి, కోడలి సంగతి మరొక ఆఫీసుకి విడివిడిగా వెళ్తే ఏమవుతుందో ఒక కేసు చూపించింది.

కర్ణాటకలో అత్తమామలు వృద్ధుల చట్టం కింద అర్జీ పెట్టి, కోడలిని ఇంట్లోంచి ఖాళీ చేయించే ఉత్తర్వు తెచ్చుకున్నారు. అది సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2020 డిసెంబరులో కోర్టు ఏమందంటే, వృద్ధులను కాపాడే చట్టాన్ని ఉపయోగించి గృహహింస చట్టం కింద కోడలికి ఉన్న నివాస హక్కును తుడిచెయ్యకూడదు, రెండు చట్టాలనూ కలిపి చదవాలి అని. చట్టాల్ని కలిపి చదవాలంటే ముందు ఆ ఇంటి సంగతులు కలిపి చదవాలి కదా! ట్రిబ్యునలుకి కోడలి ఫిర్యాదు తెలియాలి, రక్షణాధికారికి అత్తగారి అర్జీ తెలియాలి.

రిజిస్ట్రారు ఆఫీసు కూడా ఈ గొలుసులో ఒక లంకె. “నన్ను పోషించాలి” అన్న షరతుతో ఆస్తి రాసిచ్చి, ఆ షరతు తప్పితే ఆ దస్తావేజు రద్దు చేయమని వృద్ధులు ట్రిబ్యునలుని అడగవచ్చు. షరతు ఉన్నట్టు రుజువు కావాలని సుప్రీంకోర్టు 2022లో అంది. 2025 జనవరిలో మరో కేసులో, వృద్ధులకు మేలు జరిగేలా ఈ చట్టాన్ని ఉదారంగా అర్థం చేసుకోవాలని అంది. కోర్టుల మాట ఎలా ఉన్నా మనకి సులువైన దారి ఒకటే. రాసిచ్చేటప్పుడే దస్తావేజులో ఆ వాక్యం స్పష్టంగా పెట్టించడం. మామ్మకి ఈ మాట ఆ రోజు ఎవరైనా చెప్పి ఉంటే!

పావుగంట కూర్చుంటే చాలు

దీనికి కొత్త భవనాలు, కొత్త శాఖలు అక్కర్లేదు. 2019 అక్టోబరు 2న సచివాలయాలు మొదలైనప్పటినుంచి పింఛను, ఆరోగ్యం, రెవెన్యూ పనులు చూసేవాళ్ళు చాలావరకు ఒక్క కప్పు కిందికే వచ్చారు. నెలలో పింఛన్లు పంచడం అయిపోయిన తర్వాత ఒక్క పావుగంట కూర్చోవాలి. పింఛను ఇచ్చినవాళ్ళు, ఏఎన్ఎం, ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచరు, మహిళా పోలీసు, డ్వాక్రా సంఘం తరఫున ఒకరు. ప్రశ్నలు మూడే. ఈ నెల ఎవరి విషయంలో మనసుకి తేడాగా అనిపించింది? ఆ మనిషిని ఎవరు వెళ్ళి ఒంటరిగా పలకరిస్తారు? పోయిన నెల అనుకున్నది ఏమయింది?

మూడో ప్రశ్నే ముఖ్యం. జవాబు తిరిగి రావడం అంటే అదే. “చెప్పాను, పట్టించుకోలేదు” అన్న మాటకి అక్కడ తావుండదు. అవసరమైన పేరు మాత్రమే నందిగామ ఆర్డీవో ఆఫీసుకో, స్టేషనుకో, ఆసుపత్రికో వెళ్తుంది. కాగితం మీద, తారీఖుతో, తీసుకున్నవాళ్ళ పేరుతో.

ఇక ఇంట్లో మన వంతు

పాల లెక్క, చాకలి పద్దు రాసుకునే పుస్తకం మన ఇళ్ళల్లో ఉండేదే. అలాంటిదే ఒక చిన్న పుస్తకం ఇంట్లో పెద్దవాళ్ళ కోసం పెట్టండి. మాత్రల పేర్లు, ఏ పూట వేసుకోవాలి, ఏ తారీఖున ఏ ఆసుపత్రికి వెళ్ళాం, డాక్టరుగారు ఏమన్నారు, పడిపోతే ఎప్పుడు, ఎలా. డాక్టరు మారినప్పుడు ఈ పుస్తకం చేతిలో పెడితే చాలు, పాత కథంతా ఆయన ముందుంటుంది. మామ్మకి భుజం, మణికట్టు రెండూ ఒకే పేజీలో ఉండి ఉంటే ఆ డాక్టరమ్మ తప్పకుండా ఇంకో ప్రశ్న అడిగేది.

మతిమరుపు ఉన్నవాళ్ళకి జాకెట్టు లోపలి వైపునో, చొక్కా జేబు వెనకో చిన్న గుడ్డముక్క కుట్టండి. దాని మీద చెరగని సిరాతో పేరు, ఊరు, మండలం, రాష్ట్రం, ఇద్దరి ఫోన్ నంబర్లు రాయండి. ఆధారు, బ్యాంకు నంబర్లు మాత్రం వద్దు. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్ళలాంటి రద్దీకి తీసుకెళ్ళేటప్పుడు ఇది మరీ అవసరం. ఉతికినప్పుడల్లా చెరిగిందేమో చూసుకోండి.

పక్కింట్లో అనుమానంగా ఉంటే ముందు పలకరించండి. తర్వాత ఎవరికి చెప్పారో, ఏ తారీఖున చెప్పారో రాసుకోండి. వారం తర్వాత వెళ్ళి “ఏమయిందండీ?” అని అడగండి. ఈ అడగడంలోనే సగం పని అయిపోతుంది.

ఫ్రిజ్ మీదో, వంటింటి తలుపు వెనకో అంటించుకోండి:

14567 - వృద్ధుల సహాయవాణి ఎల్డర్ లైన్. 2017లో హైదరాబాదులో మొదలై 2021 అక్టోబరు నుంచి దేశమంతటికీ వచ్చింది.
181 - మహిళల సహాయవాణి.
112 - ప్రాణాపాయం ఉన్నప్పుడు.
15100 - ఉచిత న్యాయసహాయం. ఆడవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా ఇది అందుతుంది.

చివరిగా మన మామ్మ సంగతి. అరుగు మీద ఆ సాయంత్రం ఆరు ముక్కలూ కలిశాక పిన్నిగారు మామ్మ పక్కన కూర్చుని అడిగింది, “ఇప్పుడైనా చెప్పు మామ్మా, నీకేం కావాలి?” అని. మామ్మ చాలాసేపు ఆలోచించింది. “కోడలు పనినుంచి వచ్చేసరికి అన్నం వండి పెట్టగలను. బియ్యం వాడు అమ్మకుండా చూడండి. వాణ్ణి ఏదన్నా ఆసుపత్రిలో చూపించండి” అంది.

ఇంతేనా అనిపిస్తోందా? ఇది తెలుసుకోవడానికి ఆరుగురు ఏడాదిపాటు ఆ గుమ్మం తొక్కారు. ఒక్కరూ అడగలేదు. ఈ వారం మీ వీధిలో ఒక్క గుమ్మం ముందు ఆగి అడిగి చూడండి. ఇంట్లోకి తిరిగొచ్చాక పప్పులో ఉప్పు వేశారో లేదో, అది కూడా అత్తయ్యగారిని ఒక్క మాట అడగండి!